పాత్రధారులు దారి మార్చితే – సూత్రధారి సన్నాహం

కథ చెప్పేవారి అధీనంలో కథ నడవడం మనకు అలవాటైన పద్ధతి. హరికథకుడు చిడతలు పట్టి నిలిచినప్పుడు, బంగారు లేడి కనిపించిన తరువాత ఏమి జరుగుతుందో ఆయనకూ తెలుసు, ఎదుట కూర్చున్న వారికీ తెలుసు. రేడియో నాటకంలో ఈ కట్టుబాటు ఇంకా కఠినం. ఎవరు ఏ మాట పలకాలి, తలుపు చప్పుడు ఏ మాట వెనుక వినిపించాలి, వాన ఎన్ని క్షణాలు కురవాలి అనేదంతా వ్రాతప్రతిలో ముందే ఉంటుంది. వినేవారికి కథను మార్చే అధికారం లేదు. ఆ అధికారమే ఉంటే? సీతమ్మ పాత్ర వహించిన అమ్మాయి “నేను గీత దాటను, బిక్ష కావలసినవాడు గీతకు అవతలే కూర్చోనీ” అని నిశ్చయించుకుంటే కథకుడు ఏమి చేయాలి?

ఇది పరిహాసానికి వేసిన ప్రశ్న కాదు. సరిగ్గా ఈ చిక్కు మీదనే నిలిచిన ఆట ఒకటి అర్ధశతాబ్దంగా ప్రపంచంలో వ్యాపించి, ఇప్పుడు మన పట్టణాలలోని కాలేజీ విద్యార్థులకు కూడా పరిచయమవుతున్నది. ఆంగ్లంలో దానిని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రధారణపు ఆట అని చెప్పుకోవచ్చు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ, లేదా చాప మీద, కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క కల్పిత వ్యక్తిగా మాట్లాడతారు. ఒకరు మాత్రం ఏ పాత్రా ధరించక, ఆ లోకమంతటినీ తన మాటలతో కట్టి చూపుతారు: ఇక్కడ ఏరు ఉన్నది, అక్కడ కోట ఉన్నది, ఎదురుగా తలారి నిలిచి మీ ఊరేదని అడుగుతున్నాడు, మీరు ఏమి చేస్తారు? ఆ వ్యక్తికి మన నాటక సంప్రదాయంలో సిద్ధంగా ఉన్న పేరు సూత్రధారి. మిగిలినవారు పాత్రధారులు. తలారికి నిజం చెప్పడమా, అబద్ధం చెప్పడమా, ఏట్లో దూకి పారిపోవడమా అనేది పూర్తిగా పాత్రధారి ఇష్టం. ఫలితం సందిగ్ధమైనప్పుడు పాచికలు వేసి తేల్చుకుంటారు. వేదిక లేదు, ప్రేక్షకులు లేరు, ఓడినవారూ గెలిచినవారూ లేరు. మూడు గంటల సేపు ఒక కథ నడుస్తుంది. ఆ కథ ముందుగా ఎవరికీ తెలియదు.

ఎవరికీ తెలియని కథకు సూత్రధారి ఎలా సిద్ధపడాలి అనేదే నేటి ప్రసంగ విషయం.

ఈ ఆట పుట్టుకలోనే ఈ చిక్కు ఉన్నది. ప్రష్యా దేశపు సైన్యంలో 1824 నాటికి రైస్‌విట్స్ అనే యువ సేనాధికారి యుద్ధపు ఆట ఒకటి సిద్ధపరచాడు. పటం మీద చిన్న చిన్న దిమ్మెలను కదిలిస్తూ రెండు పక్షాలు యుద్ధం చేసేవి. మధ్యవర్తి ఒకడు ఇరుపక్షాల ఆజ్ఞలూ విని ఫలితం చెప్పేవాడు. సేనానులకు కలిగే ఆలోచనలు అనంతం కాబట్టి నియమాల గ్రంథం పెరుగుతూ పోయింది. చివరికి 1876లో వెర్దీ దు వెర్నువా అనే మరొక సేనాధికారి ఈ నియమాలలో చాలా భాగం పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి విచక్షణకే వదిలిపెట్టడం మేలని వాదించాడు. పుస్తకం ఊహించని ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది మనిషి ఒక్కడే అన్నది ఆయన వాదంలోని సారం.

తరువాతి ఘట్టం అమెరికాలో. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాలలో 1969లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు తన మిత్రబృందానికి నెపోలియన్ కాలపు యుద్ధపు ఆట ఒకటి ఏర్పాటు చేశాడు. రెండు సేనల మధ్య బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. సేనానాయకులుగా కొందరిని నియమించి, మిగిలిన మిత్రులు ఊరకే కూర్చోకుండా ఒకరికి నగరాధ్యక్షుడు, ఒకరికి బ్యాంకు యజమాని, ఒకరికి విశ్వవిద్యాలయ అధిపతి అని పాత్రలు పంచిపెట్టాడు. యుద్ధం మొదలయ్యే వేళకు క్రమంగా అందరూ తన దగ్గరకు వచ్చి ఆజ్ఞలు చెబుతారని ఆయన లెక్క. వారు రాలేదు. పక్కకు పోయి తమలో తాము మంతనాలు సాగించారు, కుట్రలు పన్నారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి సవాలు విసురుకుని తీర్పు చెప్పమని వచ్చి నిలిచారు. ద్వంద్వయుద్ధానికి నియమాలే లేవు. ఆట పూర్తిగా చెడిపోయిందని వెస్లీ నిస్పృహ చెందాడు. ఆడినవారు మాత్రం మళ్ళీ ఎప్పుడు ఆడదామని అడిగారు.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971 నుండి బ్లాక్‌మూర్ అనే కల్పితదేశంలో ఇటువంటి ఆటను నడిపాడు. ఆయన, గ్యారీ గైగాక్స్ కలిసి 1974 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరుతో మొదటి ముద్రణగా వెయ్యి ప్రతులు వెలువరించారు. ఈనాడు కోట్ల మంది ఎరిగిన ఈ వినోదానికి మూలం, ఒక సూత్రధారి ఏర్పాటును మిత్రులు లెక్కచేయకపోవడం! వెస్లీ ఏది లోపమనుకున్నాడో అదే ఆటకు ప్రాణమైంది.

విదేశీయుల చరిత్ర ఇంతటితో చాలు. మన సీమలో ఒక కథను ఉదాహరణగా కట్టి చూద్దాం. స్థలాలు నిజమైనవి, కథ కల్పితం.

1600 ప్రాంతం. వెంకటపతి రాయలు చంద్రగిరిలో ఉండి పాలిస్తున్న రోజులు. కొండకు పోయే యాత్రికులు శ్రీనివాస మంగాపురం దగ్గర ఒక సత్రంలో రాత్రికి దిగారు. వారిలో ఒక ముసలమ్మ ఏడేళ్ళుగా కూడబెట్టి, పసుపుగుడ్డలో కట్టి తెచ్చుకున్న ముడుపు తెల్లవారేసరికి కనిపించలేదు. మన పాత్రధారులు నలుగురు: కాళహస్తి నుండి అద్దకపు బట్టలు తెచ్చిన వర్తకుడు, పలమనేరు వైపు బండివాడు, వీధినాటకంలో స్త్రీవేషం కట్టే నటుడు, మూలికలు ఇచ్చే మంత్రసాని. ఇంట్లో ఎవరు ఏ పాత్ర తీసుకున్నా అభ్యంతరం లేదు. పదేళ్ళ మనుమడు మంత్రసాని కావచ్చు, అవ్వ బండివాడు కావచ్చు. అవ్వలు బండివాని పాత్రలో ఎంత మొండికేస్తారో చూస్తేగాని తెలియదు.

సూత్రధారి వారం రోజులు శ్రమపడి ఏర్పాటు చేసుకున్నది ఇది. దొంగ సత్రపు వంటవాని తమ్ముడు. వాడు రాత్రికి రాత్రే మంగాపురం నుండి కొండకు పోయే మెట్లదారి పట్టాడు. ఇప్పుడు మనం శ్రీవారి మెట్టు అని పిలుస్తూ 2,388 మెట్లుగా లెక్కిస్తున్న దారి అది. పాత్రధారులు అడుగుజాడలు చూస్తారు, వెంటబడతారు, చీకటిలో ఒక చిరుతపులి ఎదురవుతుంది, తెల్లవారే వేళకు కొండమీద జనంలో దొంగను పట్టుకుంటారు. చిరుతపులికి ఎంత బలమో, ఏ మలుపులో నిలిచి ఉంటుందో కూడా వ్రాసుకున్నాడు.

ఆట మొదలైంది. వర్తకుడు అన్నాడు: “దొంగను పట్టి ఏమి లాభం? నా మూటలోని మంచి తెర ఒకటి అమ్మి ఆ తల్లికి ముడుపు సొమ్ము నేనే ఇస్తాను.” నటుడు ముసలమ్మ చీర అడిగి తీసుకుని, దొంగ మళ్ళీ వస్తాడేమోనని ఆమె వేషంలో సత్రంలోనే ముసుగు పెట్టి పడుకున్నాడు. మంత్రసానికి ముసలమ్మ మాట మీదనే అనుమానం కలిగి, ముడుపు ఎందుకు కట్టావమ్మా అని ఆరా మొదలుపెట్టింది. బండివాడు, “నా ఎద్దు కుంటుతున్నది, నేను ఇంటికి పోతాను” అన్నాడు. మెట్లదారి వైపు కన్నెత్తి చూసినవారు ఒక్కరూ లేరు. చిరుతపులి తన మలుపులో అలాగే నిలిచి ఉన్నది.

ఇటువంటి సమయంలో సూత్రధారికి తోచే మొదటి ఉపాయం దారులు మూసివేయడం. బట్టలు కొనే నాథుడు లేడు, ముసలమ్మకు రెండో చీర లేదు, బండిచక్రం విరిగింది, ఇక మీకు మెట్లదారి ఒక్కటే గతి. ఈ ఆట ఆడేవారు దీనిని రైలుపట్టాలు వేయడం అంటారు. పోలిక బాగున్నదిగాని, రేణిగుంటలోనైనా బండ్లు నాలుగు వైపులకు పోతాయి, ఇక్కడ అదీ లేదు. మీరు ఏమి చేస్తారు అని అడిగి, చెప్పిన జవాబునల్లా కాదనడం అతిథిని పిలిచి విస్తరి ముందు చేతులు పట్టుకోవడం వంటిది. పెద్దవారైతే మర్యాదకు ఊరుకుంటారు. పిల్లవాడు మాత్రం కాసేపటికి తలుపు వైపు చూడడం మొదలుపెడతాడు.

రెండవ ఉపాయం మరింత సూక్ష్మమైనది. పాత్రధారులు ఎటు పోతే దొంగనూ చిరుతనూ అటే తెచ్చి పెట్టడం. మెట్లు ఎక్కితే చిరుత మెట్ల మీద, చంద్రగిరికి పోతే చిరుత చంద్రగిరి కొండలలో. ఆడేవారికి తెలియదు కాబట్టి నష్టమేమిటని అనుభవజ్ఞులు కొందరు దీనిని సమర్థిస్తారు. చూపనిది లేనట్టే కదా అని వారి వాదం. ఈ విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. రెండు దారుల గురించీ ఏమీ తెలియక గవ్వ వేసినట్టు ఒకటి ఎంచుకుంటే, చిరుత ఎక్కడ ఉన్నా ఆ ఎంపికకు వచ్చిన లోటు లేదు. కాని మంత్రసాని పాత్రధారిణి “చిరుతలు రాత్రిపూట నీటిపట్టున తిరుగుతాయి, కాబట్టి చెరువు దారి వద్దు, ఎండుగట్టు మీదుగా పోదాం” అని హేతువు చెప్పి దారి ఎంచుకున్న తరువాత కూడా చిరుతను గట్టు మీదికి తెస్తే, దొంగిలించబడింది ఆమె ఆలోచన. ముసలమ్మ ముడుపు కన్న అది పెద్ద దొంగతనం. మూడోసారికి ఎంత చిన్నపిల్లలైనా కనిపెడతారు. అటు తరువాత వారు ఆలోచించరు. ఆలోచించి ప్రయోజనం లేదని వారికి తెలిసిపోయింది.

మరి చేయవలసినదేమిటి? సన్నాహం మానుకోవడం కాదు, సన్నాహపు వస్తువు మార్చుకోవడం. సూత్రధారి సంఘటనలను సిద్ధం చేసుకున్నాడు: మొదట ఇది, తరువాత అది. అందులో పాత్రధారుల నడవడికను కూడా తానే వ్రాసుకున్నాడు. వారి పాలు వారికి వదిలి, తన పాలు మాత్రం గట్టిగా చేసుకోవాలి. తన పాలు అంటే స్థలాలు, మనుషులు, ఆ మనుషుల కోరికలు.

వంటవాని తమ్ముని గురించి మెట్లదారిలోని మలుపులకన్న ముఖ్యంగా తెలియవలసినది, వాడు ఎందుకు దొంగిలించాడన్నది. వాడు ఒక వడ్డీవర్తకునికి బాకీపడి ఉన్నాడనుకుందాం. రేపు పొద్దుగుంకేలోగా తీర్చకపోతే వాని మడిచెక్క పోతుంది. అన్నకు ఈ సంగతి తెలుసు, కాని సత్రంలో తన పని పోతుందని భయం. ముసలమ్మకు కూడా ఒక కోరిక ఉన్నది. ఆ ముడుపు కట్టినది కొడుకు తిరిగి రావాలని. ఇంత తెలిస్తే ఇక పాత్రధారులు ఏమి చేసినా సూత్రధారి తడుముకోనక్కరలేదు. వర్తకుడు సొమ్ము ఇచ్చాడు. ముడుపు దొరికిందట అన్న మాట సత్రమంతా పాకింది. దొంగ చేతిలో ఉన్నదేమిటి మరి? వాడు బెదిరి మూట విప్పి చూసుకోవలసి వచ్చింది. నటుడు ముసుగులో పడుకున్నాడు. దొంగ రాలేదు, వాని అన్న వచ్చాడు. ముసలమ్మే అనుకుని ఆ మంచం పక్కన కూర్చుని చీకటిలో క్షమాపణ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మంత్రసాని ఆరాలో కొడుకు సంగతి బయటపడింది. ఇంటికి పోతున్న బండివానిని దారిలో ఎవరో ఆపి, మంగాపురంలో ఒక బాకీదారుని ఇంటి నుండి సామాను ఎత్తుకు రావాలి, బండి బాడుగకు వస్తావా అని అడిగారు. రాను అని చెప్పడానికి కూడా బండివానికి స్వేచ్ఛ ఉన్నది. ఈ నాలుగింటిలో ఒక్కటీ సూత్రధారి ముందుగా వ్రాసుకున్నది కాదు. అయినా ప్రతి ఒక్కటీ ఆ మనుషుల కోరికలలో నుండే వచ్చింది.

ఈ సూక్ష్మం తిరుపతివారికి కొత్త కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఏటా చూస్తున్నదే. ఊరి ఆడబిడ్డలను బాధించిన పాలెగాడు దాక్కున్నాడు. గంగమ్మ బైరాగి వేషంలో, బండ వేషంలో, తోటి వేషంలో వెదికింది. చివరికి దొర వేషంలో రాగా వాడు వెలికివచ్చి హతుడయ్యాడు. కథను జాగ్రత్తగా గమనించండి. పాలెగానికి ఒక స్వభావం ఉన్నది. బైరాగికి, తోటికి వెలికిరాని వాడు దొర వచ్చాడంటే దాగి ఉండలేడు. ఆ స్వభావం తెలిసిన సూత్రధారి ముందు గంగమ్మ పాత్రధారిణి ఏడు వేషాలు కాదు, ఎనిమిదవ వేషం ఒకటి కల్పించుకుని వచ్చినా, పాలెగాడు ఏమి చేస్తాడో అప్పటికప్పుడు చెప్పవచ్చు. అన్నట్టు, దొర వేషం మరునాడు మాతంగి వేషంలో గంగమ్మ పోయి పాలెగాని భార్యను ఓదారుస్తుంది. ప్రతినాయకుని ఇంట్లో కూడా ఒక మనిషి ఉన్నదని గుర్తుంచుకున్న ఆ సంప్రదాయం నుండి ఈ ఆట నడిపేవారు నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

కోరికల తరువాత కాలం. పాత్రధారులు ఎవరూ జోక్యం చేసుకోకపోతే ఏ వేళకు ఏమి జరుగుతుందో నాలుగైదు పంక్తులలో వ్రాసి పెట్టుకోవాలి. అర్ధరాత్రికి దొంగ మెట్ల మొదట చేరతాడు, తెల్లవారేసరికి కొండ మీద ఉంటాడు, మధ్యాహ్నానికి అప్పులవాడు మడి దగ్గరకు వస్తాడు, పొద్దుగుంకితే మడి పోతుంది. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో వెలువరించిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటలో దీనికి గడియారపు బొమ్మ గీసి, ఒక్కొక్క ఘట్టం రాగానే ఒక్కొక్క భాగం నింపే పద్ధతి చూపారు. ఇది పాత్రధారుల మెడకు కట్టిన తాడు కాదు. వారు ఊరకే కూర్చున్నా లోకం ఊరకే కూర్చోదని తెలిపే ఏర్పాటు. వారు చేయిచేసుకున్న క్షణం నుండి ఆ పంక్తులు కొట్టివేసి కొత్తవి వ్రాయవలసి ఉంటుంది. అందుకే పెన్సిలు మంచిది.

చిత్తూరు సీమలో వేసవి వచ్చిందంటే ధర్మరాజు, ద్రౌపది గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. వేదిక మీద జరిగే కథ సగమే. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి వీధులు తిరిగితే ఊరంతా ఏకచక్రపురమే. తపస్సు మాను నాడు అర్జునుడు ఎంతో ఎత్తైన స్తంభం ఎక్కి పైనుండి విసిరే నిమ్మకాయల కోసం సంతానం కోరే స్త్రీలు కింద కొంగులు పట్టి ఉంటారు. దుర్యోధన వధకు నేల మీద పెద్ద మట్టి విగ్రహం పడుకుని ఉంటుంది. చివర అగ్నిగుండం. ఇంతమంది జనం ఎప్పుడు ఎటు తోసుకుంటారో, ఏ పిల్లవాడు ఏడుస్తాడో, ఏ పెద్దమనిషి అలుగుతాడో నిర్వాహకులకు తెలియదు. అయినా ఉత్సవం చెదరదు. కారణం, ఫలానా రోజుకు ఫలానా ఘట్టం అన్న మేకులు గట్టిగా కొట్టి ఉంటాయి, నడుమ తాడు వదులుగా ఉంటుంది.

అయితే ఒక భేదం ఉన్నది. భారతంలో ఫలితం కూడా నిర్ణీతం. దుర్యోధనుడు ఆ రోజు పడవలసిందే, ద్రౌపది జడ ముడవవలసిందే. అది మొక్కు, ఆట కాదు. మన ఆటలో మేకులుగా పెట్టుకోదగినవి సందర్భాలేగాని ఫలితాలు కావు. రేపు పొద్దుగుంకితే కోట తలుపులు మూస్తారు, ఎల్లుండి జాతర, నాలుగవనాడు వాన. ఇవన్నీ వచ్చి తీరతాయి. కోట తలుపులు మూసేవేళకు మనవారు లోపల ఉంటారా, వెలుపల ఉంటారా అనేది మాత్రం వారి ఇష్టం.

కథలో రహస్యం ఉంటే మరొక జాగ్రత్త అవసరం. దొంగ ఎవరో తెలుసుకునే మార్గం వంటింటి బూడిదలో ఉన్న ఒక్క అడుగుజాడే అయితే, పాత్రధారులు వంటింటికి పోకపోయిన మరుక్షణం కథ నిలిచిపోతుంది. అప్పుడు సూత్రధారి “వంటింట్లో ఏదో చప్పుడైనట్టున్నది” అని నెట్టవలసి వస్తుంది. అమెరికా రచయిత జస్టిన్ అలెగ్జాండర్, తెలియవలసిన ప్రతి నిర్ణయానికీ కనీసం మూడు ఆధారాలు ఉంచమని సలహా ఇచ్చాడు. లెక్క సమంజసమే. ఒకటి చూడరు, రెండవది చూసి అపార్థం చేసుకుంటారు, మూడవదైనా తగులుతుంది. బూడిదలో అడుగుజాడ, అన్న కళ్ళలోని నిద్రలేమి, అప్పులవాని మనిషి పొద్దున్నే వచ్చి వాకబు చేయడం. ఈ మూడూ మూడు చోట్ల ఉండాలి, ఒకే గదిలో కాదు.

పాచికల సంగతి క్లుప్తంగా చెబుతాను. విదేశీయులు ఇరవై ముఖాల పాచికలు వాడతారు. అవి దొరకకపోయినా మన ఇళ్ళలో అష్టాచెమ్మా గవ్వలు ఉంటాయి, లేదా ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు. నాలుగు పిక్కలు వేస్తే, రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే, పదహారు విధాలలో ఆరింట రెండు వెల్లకిలా పడతాయి, నాలుగింట ఒకటి, నాలుగింట మూడు. నాలుగూ వెల్లకిలా పడే చెమ్మ ఒక్క విధం, నాలుగూ బోర్లాపడే అష్ట ఒక్క విధం. అంటే మధ్యస్థ ఫలితం తరచుగాను, అద్భుతం అరుదుగాను వస్తుంది. గోడ దూకడం వంటి సామాన్యమైన పనికి రెండో, ఆపై ఎంతైనా పడితే చాలు అనవచ్చు. చెమ్మ పడితే దూకడమే కాక తలారి నిద్రపోతున్నాడని చెప్పవచ్చు. ఒకటి పడినప్పుడు “కుదరలేదు” అని ఊరుకోక, “దూకావుగాని చెప్పు గోడకు అటే ఉండిపోయింది” అంటే కథ కదులుతుంది. అష్టను ఏమి చేయాలో ముందే అందరితో ఒప్పందం చేసుకోవడం మంచిది, లేకపోతే జగడం తప్పదు.

ఇంత ఏర్పాటు ఉన్నా సూత్రధారి నోట మాట రాని ఘడియ ఒకటి వస్తుంది. అందుకు సన్నాహం కాగితం మీద కాదు, అభ్యాసంలో ఉన్నది. మన అవధానులను చూడండి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి నిషేధిస్తాడు. ముందుగా కట్టి తెచ్చుకున్న పద్యం అక్కడ పనికిరాదు. నడుమ అప్రస్తుత ప్రసంగి వచ్చి, అవధానిగారూ, మీ ఇంట్లో పిల్లి ఈనిందా అని అడుగుతాడు. అవధాని దగ్గర ఉన్నది సిద్ధమైన జవాబులు కావు. ఛందస్సు చేతిలో ఉన్నది, పదాల రాశి ఉన్నది, కలవరపడకుండా నవ్వగల నేర్పు ఉన్నది. ప్రత్యక్ష ప్రసారంలో శ్రోతల ఫోను కాల్స్ స్వీకరించే మా వృత్తివారికీ ఇది కొంత అనుభవమే. టమాటా తెగుళ్ళ మీద నిపుణుణ్ణి కూర్చోబెడితే మదనపల్లె నుండి ఒకరు ఆవు పాలివ్వడం లేదని అడుగుతారు. ఆ శ్రోతను మందలించడం ప్రసారకుని పని కాదు, ఆయన ప్రశ్నలోనే అందరికీ పనికివచ్చే కొస పట్టుకోవాలి.

సూత్రధారికి కూడా అటువంటి రాశి కొంత ఉండాలి. ఆ ప్రాంతపు పేర్లు స్త్రీలవి పది, పురుషులవి పది ఒక చీటీ మీద వ్రాసి ఉంచుకోవాలి. ఏ దారిన పోయేవానినో ఆపి నీ పేరేమిటని పాత్రధారులు అడుగుతారు, తప్పక అడుగుతారు. పేరు చెప్పడానికి తడబడితే ఆ మనిషి అట్టబొమ్మ అని తెలిసిపోతుంది. సత్రాలలో ఏమి వండుతారు, బండి రోజుకు ఎంత దూరం పోతుంది, కోటలోకి ఎవరిని రానిస్తారు వంటివి నాలుగు తెలిసి ఉండాలి. మెట్లదారి మలుపులో నిలిచి ఉన్న చిరుతను పారవేయనక్కరలేదు. మరొక రాత్రి, మరొక కథలో, ఎవరైనా ఆ దారి తొక్కినప్పుడు అది పనికివస్తుంది. ఆలోచనకు కూడా వ్యవధి కావలసి ఉంటుంది. ఊహించని మలుపు రాగానే, కాసేపు ఆగుదాం, కాఫీ తాగి మళ్ళీ కూర్చుందాం అనడంలో సిగ్గుపడవలసినది లేదు.

ఇంటికి పోతానన్న బండివాని సంగతి ఇంకా మిగిలి ఉన్నది. నలుగురిలో ఒకరు కథలో నుండి లేచి నడిచిపోతే ఆ పూట ఆయన ఊరకే కూర్చోవలసి వస్తుంది. ఇది పాత్రధారి తప్పా, సూత్రధారి తప్పా అని వాదించేకన్న, మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్న అడిగితే చిక్కు తీరిపోతుంది. మీ బండివానికి ఆ ముసలమ్మ ఏమవుతుంది? అవ్వ కాసేపు ఆలోచించి, “ఏమీ కాదు. కాని మా ఊరి పక్కదే. నా బండిలోనే వచ్చింది. బాడుగ ఇంకా ఇవ్వలేదు” అంటుంది. చాలు. ఇక ఆ బండి మంగాపురం దాటి పోదు. పాత్రధారి స్వేచ్ఛకు హద్దు పెట్టినది పాత్రధారే.

ఆట ముగిసేముందు అడగవలసిన ప్రశ్న మరొకటి: వచ్చే ఆదివారం కూర్చున్నప్పుడు మొదట ఏమి చేయబోతున్నారు? చంద్రగిరికి పోయి అప్పులవానితో మాట్లాడతామని వారు చెబితే, సూత్రధారి ఆ వారమంతా చంద్రగిరినీ అప్పులవానినీ గురించి ఆలోచించుకుంటే సరిపోతుంది. మిగిలిన దేశాన్నంతటినీ గీయనవసరం లేదు. మాట ఇచ్చిన తరువాత కూడా వారు మనసు మార్చుకోవచ్చు. నలుగురిలో ఒకరు మార్చుకుంటారు కూడా. ఎక్కువగా అది అవ్వే అయి ఉంటుంది.